ఐదో వరుస

కిటికీ తెరిస్తే మూసీ వాసన, మూస్తే ఉక్క.
తెరిచే ఉంచాం.
కాగితాలు ఎగరకుండా ఖాళీ మందు సీసాలు పెట్టాం.
మా సర్కిల్‌కి వచ్చింది ఒక కోటీ పది లక్షలు,
అడుగుతున్న చేతులకు నాలుగు కోట్లు కావాలి.

తక్కెడ పట్టుకోవడం నా ఉద్యోగం.
నాలుగు వరుసలు గీశాను:
రోగం, ఎందరికి, ఎంతకి,
ఎన్నేళ్ళ బతుకు మిగులుతుంది.

పొగబండి కావాలన్నారు కార్పొరేటర్ గారు.
పొగ కనిపిస్తుంది, చప్పుడు చేస్తుంది,
పిల్లలు వెంట పరిగెడతారు, ఫోటో బాగా వస్తుంది.
దోమ పక్క గల్లీలో కాసేపు కూర్చుని
పొగ పలచబడ్డాక ఇంటికొస్తుంది.
నా కాగితం మీద పొగబండి చివరి నుంచి రెండోది.

చివరిది డయాలసిస్ మిషను.
ఒక్క మిషను, ఆరుగురు మనుషులు, ఏటా ఇరవై లక్షలు.
ఆ ఆరుగురిలో ఒకరి పేరు నాకు తెలుసు.
ఇబాదుల్లా. చంచల్‌గూడలో ఆటో.
వారానికి రెండుసార్లు తమ్ముడు నడుపుతుంటే
తన బండిలో తనే వెనక సీటు సవారీ.
పేరు తెలిస్తే అంకె రాయడం కష్టం.
రాశాను.

మోరీలో మునిగిన మంచినీళ్ళ జాయింట్లు రెండోవి.
అన్నిటికంటే పైన బీపీ గోలి,
పద్దెనిమిది వేల మందికి,
మనిషికి నెలకి పదిహేను రూపాయలు.
పడబోయి ఆగిన పక్షవాతాలు, చెడకుండా మిగిలిన కిడ్నీలు,
వాటికి ముఖాలుండవు.
రాని రోగానికి ఎవరూ దండ వెయ్యరు.

చదవడం అయ్యాక
గోడవార స్టూలు మీంచి ఆశా యశోదబాయి లేచింది.
"మేడం, పదిహేను రూపాయలంటే ఎవరికి?"
సర్కారుకి, అన్నాను.
"మా గల్లీల హనీఫాబీ పొద్దుగాల్నే ఆరిండ్లల్ల బాసండ్లు తోమ పోతది.
దవాఖాన తొమ్మిదింటికి తెరుస్తరు, నాలుగింటికి బంద్.
గోలీలకొస్తే పూట కూలి రెండు వందలు పాయె.
రెండుసార్లు నాగా పెడితే
ఆ ఇంటోళ్ళు ఇంకోలను పెట్టుకుంటరు.
అందుకే అది మింగుతలేదు మేడం.
మీ కాగితంల మింగినట్టున్నది."

డాక్టర్ తస్నీమ్ చెవిపోగు తిప్పుకుంటూ
నా వైపు చూడకుండా నవ్వింది.

పెన్సిల్ అడిగి తీసుకున్నాను.
ఐదో వరుస గీశాను.
దానికి మా పుస్తకాల్లో ఏదో పెద్ద పేరుంది, ఆ పూట గుర్తు రాలేదు.
"ఆమె కూలి" అని రాశాను.

అంకెలన్నీ లేచి చోట్లు మార్చుకున్నాయి.
ఇప్పుడు అన్నిటికంటే పైనున్నది మందు కాదు, తలుపు.
సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా తెరిచి ఉండే తలుపు,
లోపల ఒక నర్సు, ఒక ట్యూబులైటు,
వాచ్‌మన్ సత్తయ్యకి ఓవర్‌టైము.
రోగాల పట్టికలో తలుపు అనే రోగం లేదు.
పైకి కొట్టేసి రాశాను.

"తలుపుకి రిబ్బన్ కట్టొచ్చా?" కార్పొరేటర్ గారి సందేహం.
కట్టండి సార్, ఎంత వెడల్పైనా.

డయాలసిస్ మాత్రం చివరే ఉండిపోయింది.
ఎన్ని వరుసలు గీసినా పైకి రాలేదు.

మంగళవారం గేటు దగ్గర ఇబాదుల్లా.
మొహం ఉబ్బి ఉంది.
"మిషన్ కా క్యా హువా మేడం?"
ఈసారి కాదు భాయ్, అన్నాను.
పద్దెనిమిది వేల మంది గురించి చెప్పాను, ఎందుకో గబగబా.
శ్రద్ధగా విన్నాడు.
"ఉన్ లోగాఁ మే మై నై హూఁ నా?"
కోపం లేదు. లెక్క సరిచూసుకున్నాడంతే.

నా దగ్గర ఆరో వరుస లేదు.

హ్యాండిల్ పట్టుకుని తమ్ముడు కూర్చున్నాడు,
ముప్పై ఒకటి, అన్న మొహమే, అన్న మెడే.
ఎప్పుడైనా బీపీ చూపించుకున్నావా?
లేదన్నాడు.
ఆరు తర్వాత రా, తెరిచే ఉంటుంది.
"ఆరు తర్వాతనే కదా మేడం సవారీలు."

పెన్సిల్ బ్యాగులోనే ఉంది.